కల్లంలో మడత

“నా కాగితాల్లో బొమ్మ చూసే కదా నాన్నా, టార్పాలిన్ పట్టా అలా మడిచావు? పత్రికవాళ్లకెందుకు చూపించావు?”

మిరపకాయలు తిరగేస్తున్న బుల్లయ్య తలెత్తలేదు. “అడిగార్రా. చూపించా.”

అంతరిక్షంలో ఉపగ్రహపు సౌరఫలకాలు ఒక్క లాగుకు విచ్చుకునే మడతకు చైతన్యకృష్ణ పేటెంటు అడిగాడు. ఇందులో కొత్తేమీ లేదంటూ పరిశీలనాధికారి, దరఖాస్తుకు నెల ముందు వచ్చిన వ్యవసాయ పత్రిక పేజీ పంపాడు. వాన ముంచుకొస్తుంటే బుల్లయ్య కల్లం మీద పట్టా లాగుతున్న ఫోటో. అదే మడత.

“ఆరేళ్ల కష్టం! జవాబివ్వడానికి రేపే ఆఖరు.”

“దారే లేదా?”

“నా ఆలోచన దొంగిలించి, నాకు చెప్పకుండా పత్రికలో వేయించారని రుజువు చేస్తే వింటారంట.”

“అయితే నేనే దొంగిలించానని రాయి. సంతకం పెడతా.”

చైతన్యకృష్ణ గబగబా రాశాడు. బుల్లయ్య కారం మండే చేతులు తువ్వాలుకు తుడుచుకుని సంతకం పెట్టాడు.

“ఈ మడత మొదటిసారి ఎప్పుడు వేశావు? తేదీ కావాలి.”

బుల్లయ్య వేళ్లు మడిచి లెక్కపెట్టి, ఆగిపోయాడు.

“ఏదో ఒకటి వెయ్యరా. నిజం తేదీ మాత్రం వద్దు. అప్పటికి నువ్వింకా పుట్టలేదు.”