సైకిల్లో చప్పుడు

"నువ్వు తొక్కితే రాని చప్పుడు నేను తొక్కితే ఎలా వస్తుందిరా?" అని బావమరిదిని నిలదీశాడు అతను.

సైకిళ్లు బాగుచేసే ఆ బావమరిది అప్పుడే వీధి చివరిదాకా తొక్కి వచ్చాడు. దిగి, నూనె చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"నిజం బావా, నాకు వినపడలేదు. చైను మార్చాను, పెడళ్లు మార్చాను, బేరింగులు కొత్తవి వేశాను. ఇంకేం మిగిలింది విప్పడానికి?"

"అది నువ్వే చెప్పాలి."

పోయిన నెల కొండదారి పందెంలో అతను రాళ్ల మీద పడ్డాడు. పడ్డా లేచి, పొద్దుగూకేదాకా తొక్కి రెండోవాడిగా వచ్చాడు. మొదట వచ్చినవాడు ఎప్పుడూ ఎర్ర హెల్మెట్ పెట్టుకుంటాడు, అందుకే అతనికి వాడు ఎర్రహెల్మెట్. వచ్చే ఆదివారం మళ్లీ పందెం, అంతకంటే పొడుగు. ఈసారైనా వాణ్ని వెనక్కి నెట్టకపోతే తను తొక్కి దండగ అనుకుంటున్నాడు. పడ్డ మర్నాడే సైకిలును బావమరిది చేతిలో పెట్టి నట్టునట్టూ విప్పించాడు. ఎవరైనా "దెబ్బలు తగిలాయటగా, ఎలా ఉంది?" అని పలకరిస్తే, "హ్యాండిలు కాస్త వంగింది, సరిచేయించాను" అని చెప్పేవాడు.

అప్పట్నుంచే ఈ చప్పుడు. బలంగా తొక్కినప్పుడల్లా, ఎడమ పెడలు కిందికి దిగేటప్పుడు టక్కుమంటుంది.

అంతలో అతని చూపు గోడ మీదికి పోయింది. కొక్కేనికి ఎర్రహెల్మెట్ సైకిలు వేలాడుతోంది.

"వాడిది ఇక్కడెందుకుంది?"

"బాగుచేయమని ఇచ్చాడు. దుకాణం బావా ఇది, నీ ఒక్కడి కోసం తెరవలేదు."

"దానికి చప్పుడొస్తోందా?"

"లేదు."

"అదీ సంగతి."

ఇక అనుమానం తొలచడం మొదలుపెట్టింది. ఇంటికెళ్లి భార్య గోళ్లరంగు తీసి, సైకిలుకున్న ప్రతి నట్టు మీదా ఒక చుక్క పెట్టాడు. ఎవరు కదిపినా చుక్క చెదరాల్సిందే. మర్నాడు సైకిలును దుకాణంలో వదిలి, సాయంత్రం వచ్చి చూసుకున్నాడు. చుక్కలన్నీ చెదిరే ఉన్నాయి.

"దొరికావు," అన్నాడు.

"విప్పకుండా ఎలా బాగుచేయమంటావు బావా?"

జవాబు సబబుగానే ఉంది. అంత సబబుగా ఉండటమే అతనికి నచ్చలేదు. తప్పు చేసినవాడు కాకపోతే ఇంత తడుముకోకుండా చెప్పగలడా?

బావమరిది గొంతు తగ్గించాడు. "సైకిలు సంగతి అలా ఉంచు. పడ్డాక నువ్వెవరికైనా చూపించుకున్నావా? ఈ ఒక్క పందెం మానేస్తే ఏం పోతుంది?"

"నేను మానేస్తే ఎవరికి లాభమో తెలుసులే."

బావమరిది ముఖం మాడిపోయింది.

అతను సైకిలును భుజాన వేసుకుని మూడో అంతస్తులోని తన ఇంటికి మోసుకొచ్చాడు. ముందు గదిలో స్టాండుకెక్కించి బలంగా తొక్కాడు. టక్, టక్. వంటింట్లో ఉన్న భార్య తొంగి చూసింది.

"విన్నావా?"

"విన్నాను. అయితే మాత్రం మా తమ్ముడు అలాంటి పని చేస్తాడా? చిన్నప్పట్నుంచీ తోకలా మీ వెనకే తిరిగాడు."

"ఆ తోక ఇప్పుడు ఇంకోడి వెనక ఊగుతోంది."

ఆమె కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది. అతనికి బాధేసింది. కానీ సైకిలు మాట గుర్తొచ్చేసరికి ఆ బాధ కాస్తా కోపమైంది.

మర్నాడు ఊరికి ఆ చివరనున్న వేరే దుకాణానికి వెళ్లాడు. అక్కడి మెకానిక్ సైకిలును ఉంచి వెళ్లమన్నాడు. అతను బస్సులో ఇంటిదారి పట్టాడు. మెట్లెక్కుతూ, మనసులోది కక్కేయకుండా ఉండలేక బావమరిదికి ఫోను చేశాడు.

"నా సైకిలు వేరేచోట ఇచ్చాను. ఆదివారం నా సామాను బండి దగ్గర నువ్వు కనపడక్కర్లేదు."

"బావా, ఎన్నేళ్ల నుంచి నీ పందేలకి వస్తున్నాను..."

"వచ్చింది చాలు. ఎర్రహెల్మెట్ దగ్గరికే పో."

"అది కాదు బావా, ఒక్కసారి నా మాట..."

"బావా లేదు, గీవా లేదు. ఇక మా గడప తొక్కకు." ఫోను పెట్టేసేసరికి తన గుమ్మం ముందుకు వచ్చేశాడు.

వంటింట్లోంచి భార్య విసుక్కోవడం వినిపించింది. "అక్కడ వదిలేసి వస్తానని మళ్లీ పైకి మోసుకొచ్చారేంటండీ? కింది మెట్టు దగ్గర్నుంచీ టక్కుటక్కుమంటూనే ఉంది."

ఉత్త చేతులతో అతను గుమ్మం బయటే నిలబడిపోయాడు. కాసేపటికి, మెల్లగా, ఎడమకాలు ఎత్తి లోపల పెట్టాడు.

మోకాలు టక్కుమంది.