గుండోడు, జడామె

కూరగాయల సంచి పట్టుకుని చిట్యాల బస్టాండు వెనక సందులోంచి వస్తున్న నాగరాణి, బాలకృష్ణ గేముల షాపు ముందు ఆగిపోయింది. లోపల తెర ముందు కూర్చున్నవాడి వీపే కనిపిస్తోంది. మొహం చూడనక్కర్లేదు. ఎడమ భుజం కిందికి వదిలేసి, మెడ ముందుకు సాచి కూర్చునే ఆ తీరు చాలు. తమ్ముడు లింగస్వామి.

తెర మీద గుండోడు, జడామె తన్నుకుంటున్నారు. గుండోడు వెల్లకిలా పడ్డాడు.

"గిది బాగలేదు. మల్ల పెట్టు" అన్నాడు లింగస్వామి.

పక్కనే కూర్చుని జడామెను ఆడిస్తున్న బాలకృష్ణ ఆవులించాడు. "పొద్దటి సంది గిదే పని. వేళ్లు పోతున్నయ్‌రా."

"పెట్టుమంటున్న గద."

నాగరాణి చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగింది. సంచిలో టమాటలు ఉన్నాయన్న సంగతి కూడా మరిచి గట్టిగా ఒత్తిపట్టుకుంది.

ఆ ఆటకు ఇంగ్లీషులో ఏదో పేరుంది. చిన్నప్పుడు, బాలకృష్ణ వాళ్ల నాయిన షాపు నడిపే కాలంలో, అక్కాతమ్ముళ్లు అందులోని ఫైటర్లకు సొంత పేర్లు పెట్టుకున్నారు. బోడిగుండు మనిషి గుండోడు. పొడుగాటి జడతో కొట్టే ఆమె జడామె. బస్టాండు పోరగాళ్లందరినీ లింగస్వామి ఓడించేవాడు. లింగస్వామిని నాగరాణి ఓడించేది. కాపురం చెడి, బిడ్డను చంకనేసుకుని తల్లిగారింటికి వచ్చాక కూడా ఆమె నవ్వుతూ చెప్పుకునే గొప్ప ఇదొక్కటే.

ఎన్నో ఏళ్లకు ఆ ఆటకు కొత్త పార్టు వస్తోందని ఊరంతా అనుకుంటున్న రోజుల్లోనే ఇంట్లో జాగా పంపకం మాట లేచింది. రెండు ముక్కలు. ఒకటి హైవే మీదికి ఉంది, షట్టరు పెడితే దుకాణమే. రెండోది దాని వెనక, తుమ్మలు మొలిచిన చోటు. ముందుది దొరికితే నాలుగు కుట్టుమిషన్లు వేసుకుని తన కాళ్ల మీద నిలబడాలని నాగరాణికి ఎంత ఆశో ఇంట్లో అందరికీ తెలుసు.

"ముందటిది నువ్వు తీస్కో అక్కా" అన్నాడు లింగస్వామి.

"దయ తల్చి ఇస్తున్నవా?"

"గట్ల గాదే."

"గట్లనే. తల్లిగారింట్ల కూసోని తింటుందని ఇప్పటికే అంటున్నరు. ఊకె ఇస్తే నాకొద్దు."

"చిట్టీలెయ్యుండ్రి మరి" అంది తల్లి పుల్లమ్మ.

"చిట్టీలెందుకు?" అన్నాడు లింగస్వామి. "కొత్త పార్టు వస్తున్నది గద. రాఖీ పున్నం నాడు ఆడుదం. గెలిచినోళ్లది ముందటి జాగ. ఇద్దరికీ కొత్తదే. అప్పటిదాక ఇద్దరం దాన్ని ముట్టొద్దు, అంతే."

లింగస్వామి తన మేనకోడలి తల మీద చేయి పెట్టి ఒట్టేశాడు.

షాపులో వాడు ఆడుతున్నది ఆ కొత్త పార్టే. ఆ ఒట్టేసిన చేయే ఇప్పుడు ఆమె కళ్ల ముందు మెదులుతోంది.

ఆ పూట అన్నం పెడుతూ అడిగింది. "యాడికి పోయినవ్‌రా ఇంతసేపు?"

"ట్రాక్టరు పంచరైంది."

"బొటనవేళ్లకు బొబ్బలేంది?"

"జాకీ తిప్పిన."

"తిను. సల్లారుతది" అంది. ముందటి జాగా వాడికే కావాలంటే నోరు తెరిచి అడగొచ్చు కదా అనుకుంది. తనూ వెళ్లి ఆడి చూసుకోవచ్చు. కానీ అప్పుడు వాడికీ తనకూ తేడా ఏముంటుంది? ఆటను ముట్టుకోలేదు.

రాఖీ పున్నం పొద్దున షాపు నిండిపోయింది. మొదటి రౌండు నాగరాణి ఆడించే జడామె గెలిచింది. రెండోది తమ్ముడి గుండోడు గెలిచాడు. మూడో రౌండులో ఇద్దరికీ ప్రాణం వెంట్రుకవాసి మిగిలింది. గుండోడు కాలెత్తాడు. అది తగిలేలోపే జడ వచ్చి వాడి మెడకు చుట్టుకుంది. పోరగాళ్లు ఈలలేశారు.

"ఛ, జరంతల పోయింది" అని లింగస్వామి నొసలు కొట్టుకున్నాడు.

నాగరాణి నవ్వలేదు. ఇంటికి వచ్చాక పుల్లమ్మ పళ్లెంలో రాఖీ, మిఠాయి పెట్టి తెస్తే చేయి అడ్డం పెట్టింది.

"ఒట్టు తప్పినోనికి నేను కట్ట."

"ఏందే పండుగ పూట?" అంది తల్లి.

"వాన్నే అడుగు. నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, దొంగతనంగ పోయి ఆడి నేర్చుకుండు. నా కండ్లతోని చూసిన."

లింగస్వామి తల దించుకున్నాడు. "తప్పైంది అక్కా" అన్నాడు. చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

వాడు తిరగబడి ఉంటే ఆమెకు కొంత తగ్గేదేమో. నేరుగా బాలకృష్ణ షాపుకు నడిచింది. జనం వెళ్లిపోయారు. అతను ఒక్కడే కుర్చీలు సర్దుతున్నాడు.

"నువ్వు గూడ వానితోని కలిసినవ్ గద. అక్కా అక్కా అనుకుంటనే" అంది.

"కూసో అక్కా. మంచినీళ్లు తాగు."

"నీ నీళ్లు నాకొద్దు. వాడు నాకు తమ్ముడు కాదిగ. జాగల నడుమ గోడ పెట్టిస్త. వాని గడప తొక్క."

బాలకృష్ణ చేతిలోని కుర్చీ దించాడు. "చెప్పొద్దన్నడు వాడు."

"ఏం చెప్పొద్దన్నడు? అంత చేసినా నా మీద గెలువలేకపోయిండనా? అన్ని దినాలు నీ పక్కల కూసోని ఏం నేర్చుకుండురా వాడు?"

బాలకృష్ణ ఆమె వైపు చూడలేక తెర ఆపేశాడు.

"నీకు అనుమానం రాకుంట ఓడిపోవుడు."