ప్రసూన వంతు

“ఈ పొద్దు సైకిలు ఇయ్యను పాపా” అన్నాడు ఆదినారాయణ, తాళంచెవి గుప్పిట్లో బిగించి.

ప్రసూన మెట్టు కిందే ఆగిపోయింది. ఆమె పెద్దాసుపత్రి కరోనా వార్డులో నర్సు. ప్రొద్దుటూరులోని తమ వీధి రెడ్ జోన్ అయినప్పటి నుంచి రెండు కొసలా అడ్డంగా వెదురు గడలు కట్టేశారు. ఆటోలు రావు, మోటారు సైకిళ్ళు దూరవు. పక్కకు వంచితే గడల కింద దూరేది సైకిలొక్కటే. అందుకని అద్దె సైకిళ్ళ యూనుస్ తన షాపులోంచి ఒకటి తెచ్చి వీధికి వదిలేశాడు. అందరూ వంతులేసుకుని తొక్కుతున్నారు. రాత్రిపూట బండి ఆదినారాయణ ఇంటి ముందే ఉంటుంది, తాళంచెవీ ఆయన దగ్గరే. పొద్దున వంతు ప్రసూనది.

“ఏంటికి మామా? నిన్నటి దాంకా తీసుకపోతాంటి కదా.”

“వార్డులో తిరిగొస్తాండావు. నలుగురు పట్టుకునే బండి. ఒద్దు.”

డ్యూటీకి ఆలస్యమవుతుందని ఆమె బతిమాలింది. ఆయన ముఖం తిప్పుకున్నాడు. చేసేదిలేక గడల కింద వంగి, నడిచే పోయింది.

నలుగురి పేరు చెప్పడం వట్టి సాకు. ఆయన భార్య తిరుపాలమ్మ ఆ వార్డులోనే ఉంది. జ్వరం తగ్గింది, ఈ రోజు ఇంటికి పంపిస్తామని డాక్టరు అన్నాడని నిన్న ప్రసూనే చెప్పింది. అప్పటి నుంచి ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు. చావు తప్పించుకుని వచ్చే మనిషిని మళ్ళీ రోగం అంటిన బండి ఎక్కిస్తాడా? హ్యాండిలు, సీటు, ఆఖరికి బెల్లు కూడా శానిటైజరుతో తుడిచాడు. క్యారియరు మీద దుప్పటి మడిచి తాడుతో కట్టాడు. పెళ్ళయిన కొత్తలో కూడా పెళ్ళాన్ని సైకిలెక్కించి ఎరగడు ఆ పెద్దమనిషి.

తిరుపాలమ్మ దగ్గర ఫోను లేదు. రోజూ ప్రసూన డ్యూటీ ఎక్కగానే తన ఫోనులో వీడియో కలిపి ఇద్దరినీ మాట్లాడించేది. ఈ రోజు ఫోను మోగలేదు. ఈయన చేస్తే ఎత్తలేదు. అలిగిందిలే అనుకున్నాడు. కాసేపటికి, కావాలనే ఏడిపిస్తోందని పళ్ళు నూరాడు. మందుల షాపుకు పోవాలి, సైకిలు కావాలని యూనుస్ వస్తే అతన్నీ కసిరి పంపాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇక ఆగలేకపోయాడు. గడల కింద సైకిలు దూర్చి, పోలీసులున్న పెద్ద రోడ్డు వదిలి, సందులు పట్టుకుని రొప్పుతూ ఆసుపత్రి చేరాడు. కబురు పంపితే ప్రసూన గేటు దగ్గరికి వచ్చింది.

“నామీద కోపముంటే తిట్టు పాపా, ఫోను చెయ్యకుంటే ఎట్లా? మీ అత్తను పిల్చకరా పో. కూర్చునేదానికి దుప్పటి గూడా ఏసినా.”

ప్రసూన దుప్పటి వైపు చూసింది. కళ్ళనీళ్ళు మాస్కులోకి కారిపోతున్నా తుడుచుకోలేదు.

“తెల్లారుజామున ఆయాసమొచ్చింది మామా. నీతో మాట్లాడల్లని, ప్రసూన ఎప్పుడొస్తాది, ఎప్పుడొస్తాది అని అడుగుతానే ఉన్నిందంట. నేను నడిచొచ్చేసరికి మాట పడిపోయింది.”