క్యారియర్ మీద కొండ

"తొక్కరా! ఆగావంటే దిగి తంతా!"

వెనక క్యారియర్ మీద కూర్చుని అరుస్తున్నాడు గురునాథం. ముందు మస్తాన్‌రావు పెడళ్ళ మీద లేచి నిలబడి తొక్కుతున్నాడు. రేపల్లె నుంచి బాపట్ల వెళ్ళే రోడ్డు. మిట్టమధ్యాహ్నం. ఎదురుగా సముద్రపు గాలి.

కొండలెక్కే సైకిల్ పందానికి ఇక్కడ ఇలాగే తయారవ్వాలి. చుట్టుపక్కల కొండంటూ ఉంటే కదా! పొలాలు, కాలవలు, అవి దాటితే సముద్రం. ఈ ఊళ్ళవాళ్ళకి కాలవ కట్టే పెద్ద ఎత్తు. అందుకని గురునాథం కావాలని ఎదురుగాలికి తొక్కించేవాడు. సూర్యలంక ఇసకలో తొక్కించేవాడు. గేర్ల సైకిలుకి క్యారియర్ బిగించి, బరువు కోసం తనే ఎక్కి కూర్చునేవాడు.

"నీకు నేనేరా కొండని," అనేవాడు.

నిరుడు, తొంభై మూడులో, ఆ పందానికి వెళ్ళింది గురునాథం కొడుకు ఏడుకొండలు. నల్లమల ఘాట్ రోడ్డు మీద రెండు రోజుల పందెం. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. కబురందుకుని గురునాథం ఒక్కడే బయల్దేరాడు. అక్కడే దహనం చేసి, కొడుకు తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు.

"ఎక్కుతా ఎక్కుతా ఉంటే గుండె ఆగిపోయిందంట," అన్నాడు వాకిట్లో నిలబడి. అంతకు మించి ఎవరూ అడగలేదు. ఆ మొహం చూసి ఎవరడుగుతారు?

మస్తాన్‌రావుకి ఏడుకొండలు ప్రాణస్నేహితుడు. మస్తాన్‌రావుది తెనాలిలో సైకిల్ షాపులో పని. ఆ వార్త విన్నాక రెంచీ పట్టుకుంటే చేతులాడలేదు. పని మానేసి ఇంట్లో గోడకేసి తిరిగి పడుకున్నాడు. గురునాథమే వెతుక్కుంటూ వచ్చాడు.

"లెగరా. మావాడు ఎక్కలేకపోయిన కొండ నువ్వెక్కాలి."

"నా గుండె కూడా ఆగితే, బాబాయ్?"

"ఆగకుండా చూసే పూచీ నాది."

సంగతి తెలిసి గురునాథం భార్య కోటిరత్నం గొడవ చేసింది. "ఒకణ్ణి మింగింది చాల్లేదా ఆ కొండకి? ఎరగని చోటికి ఇంకో పిల్లాణ్ణి తోలతావా?"

"వాడు నెగ్గితేనే నాకు నిద్ర పట్టేది," అన్నాడు గురునాథం.

ఆ మర్నాటి నుంచి ఆమె రోజూ రాగిజావ కాచి, లోటా మస్తాన్‌రావు చేతికిచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడేది. ఒక్కోసారి నవ్వబోయేది. "కొండ మొహం చూడనివాడికి ఏడుకొండలని పేరు పెట్టాడ్రా మీ బాబాయ్. నీకు మస్తానని పెట్టారు, నీ పేర్లో కొండ లేదు, నువ్వు నయం." ఆ నవ్వు సగంలోనే ఆగిపోయేది.

బాపట్లలో డాక్టరు చేత పరీక్ష కూడా చేయించాడు గురునాథం. డాక్టరు స్టెతస్కోపు తీసి, "గుర్రం గుండెనయ్యా నీది," అన్నాడు. గురునాథం నమ్మలేదు. ఇంకోసారి చూడమని బతిమాలాడు. ఆయన విసుక్కుంటూనే మళ్ళీ చూశాడు.

"చెప్పాగదయ్యా! ఏ కొండైనా ఎక్కుతాడు."

"అంతే చాలండి," అన్నాడు గురునాథం.

ఆ సాయంత్రం తిరుగుదారిలో మస్తాన్‌రావుకి సైకిలు బరువెక్కినట్టనిపించింది. గాలి పడిపోయింది. రోడ్డు చదునుగానే ఉంది. అయినా పెడలు దిగటం లేదు. వెనక నుంచి ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. ఒకరిది కాదు.

"బాబాయ్! నువ్వొక్కడివే కూర్చున్నావా?"

గురునాథం సర్దుకుని కూర్చున్నట్టు క్యారియర్ కిర్రుమంది.

"ఇద్దరం కూర్చున్నాం. తొక్కు."

మస్తాన్‌రావు వెనక్కి తిరిగి చూడలేదు. కళ్ళనీళ్ళు చెంపల మీదికి జారుతుంటే ఇల్లు చేరేదాకా తొక్కాడు. ఆ తర్వాత అతనికి అలుపన్నది తెలియలేదు.

నల్లమలలో పందెం రోజు తెల్లారింది. మస్తాన్‌రావు పుట్టి బుద్ధెరిగాక కొండని చూడటం అదే మొదటిసారి. తలెత్తి చూస్తూ అలాగే నిలబడిపోయాడు. రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి వెళ్ళి, మంచులో కలిసిపోయింది. అవతలి పక్కకి దిగితే మొదటి రోజు మజిలీ.

సైకిలు పైకెత్తి బరువు చూశాడు. క్యారియర్ ఊడదీశాడు. స్టాండు తీశాడు. ఇంకోసారి ఎత్తి చూశాడు.

"ఇంకా బరువుగానే ఉంది బాబాయ్. ముందు బ్రేకు కూడా తీసేస్తా. కొండెక్కేవాడికి బ్రేకుతో పనేంటి?"

గురునాథం అతని మొహంలోకి చూశాడు. "మరి దిగేటప్పుడో?"

"దిగటానికేముంది? తొక్కే పనే లేదు, కూర్చుంటే అదే పోద్ది. వెనక బ్రేకు చాల్లే. ఆ రెంచీ ఇలా ఇయ్యి."

గురునాథం చెయ్యి సంచిలోకి వెళ్ళి చాలాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత రెంచీ బయటికొచ్చింది. మస్తాన్‌రావు నట్లు విప్పుతుంటే చక్రం కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మొహం అటు తిప్పుకున్నావేంటి బాబాయ్?"

"కొండ గాలిరా. మనకి అలవాటు లేదుగా."

మస్తాన్‌రావు లేచి గురునాథం కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "భయంగా ఉంది బాబాయ్. నా గుండె..."

"నీ గుండెకేం కాదురా అబ్బాయ్," అన్నాడు గురునాథం, అతని వీపు నిమురుతూ. "కొండ పైదాకా ఎక్కుతావు."

నిరుడు ఏడుకొండలు గుండె ఆగి చనిపోలేదని, బరువు తగ్గుతుందని తెనాలి షాపులో మస్తాన్‌రావు ఇలాగే ముందు బ్రేకు తీసి పంపిన సైకిలు మీద, దిగుడులో, మలుపు తిరగలేక లోయలో పడ్డాడని, ఆ లోయలోకి దిగి కొడుకుని ఎత్తుకొచ్చిన గురునాథానికి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలీదు.