బ్యాటరీల్లో నీళ్ళు పోసినాయన

"చెప్పులు బయట! బయట విప్పండీ!" అని కంప్యూటర్ ముందు నుంచే కసిరాడు అష్ఫాక్.

గుమ్మంలో ముసలాయన గబుక్కున వెనక్కి తగ్గి, చెప్పులు విప్పి, చేతిసంచీతో మళ్ళీ లోపలికొచ్చాడు.

"మీరు కబురు పెట్టారు గదా బాబూ, అందుకని..."

"ఎప్పుడనగా కబురు పెట్టాం! ఇన్వర్టర్ వెనక గదిలో ఉంది. ముందు బ్యాటరీల్లో నీళ్ళు పోయండి. ఇవాళ కరెంటు పోయిందంటే మా పని అయిపోయినట్టే."

ముసలాయన ఏదో చెప్పబోయాడు. కుర్రాడి కంగారు చూసి వెనక గదిలోకి వెళ్ళాడు.

అది 2008 వేసవి. గవర్నర్‌పేటలో మేడ మీద రెండు గదుల ఆఫీసు. పసికందుల్ని వెచ్చగా ఉంచే యంత్రానికి అక్కడ సర్క్యూట్ బోర్డు తయారుచేశారు. అది ఉండుండి ఆగిపోతోంది. సాయంత్రం అయిదింటికి ఆస్పత్రివాళ్ళు చూడటానికొస్తారు. అప్పటికీ నడవకపోతే ఆఫీసు మూసేస్తానని యజమాని హర్షవర్ధన్ తేల్చి చెప్పేశాడు.

తప్పు వెతుకుదామని బోర్డుకి కేబుల్ తగిలించి, తప్పులు పట్టే ప్రోగ్రాం డీబగ్గర్‌ని నడిపిస్తే, అదింకో తలనొప్పి. ఆపి మళ్ళీ నడిపిన ప్రతిసారీ ప్రాసెసర్ లెక్కలు దాచుకునే అరల్లో, అంటే రిజిస్టర్లలో, అంకెలు తారుమారైపోతున్నాయి. ఆ డీబగ్గర్ రాసిన ఆమోసు గారికి "కాపాడండి సార్" అని తొమ్మిది రోజులు వరసగా మెయిలు పెట్టాడు అష్ఫాక్. ఉలుకూ లేదు, పలుకూ లేదు. విసిగిపోయి నిన్నటి నుంచి మెయిలు తెరవడమే మానేశాడు.

"పోశాను బాబూ."

ముసలాయన తెర మీది రిజిస్టర్ల పట్టికకి ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు.

"అయ్యో, ఈ మూడు రిజిస్టర్లూ వేరువేరని రాసుందే! ఈ చిన్నవి రెండూ కలిస్తేనే గదా ఆ పెద్దది."

"తాతా, మీకో దణ్ణం. నన్నొదిలెయ్యండి."

"వన్‌టౌన్‌లో ఒకే గోడౌనుకి రెండు వీధుల్లో రెండు తలుపులుంటాయి, చూళ్ళేదూ? ఇటు తలుపులోంచి కొత్త సరుకు పెడుతుంటే, అటు తలుపులోంచి డీబగ్గర్ పాత సరుకు తెచ్చి దాని మీదే పడేస్తోంది. రెండూ ఒకటే గోడౌనని దానికి చెప్పాలి."

హర్షవర్ధన్ విసురుగా వచ్చాడు. "బ్యాటరీలాయనకి కంప్యూటర్ దగ్గరేం పని? పంపించెయ్!"

ముసలాయన సంచీ తీసుకున్నాడు. కాసిని మంచినీళ్ళడిగాడు. ఎవరూ వినిపించుకోలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మూడయింది. అష్ఫాక్‌కి ఏడుపొచ్చేసింది. ఇంకేం చెయ్యాలో తోచక, రిజిస్టర్ల పట్టిక తెరిచి, చిన్నవి రెండూ పెద్దదానిలో భాగాలేనని రాసి చూశాడు.

అంకెలు నిలబడ్డాయి! అసలు తప్పు అరగంటలో దొరికింది. అయిదింటికి ఆస్పత్రివాళ్ళ ముందు యంత్రం ఎక్కడా ఆగలేదు.

"యా అల్లా!" అని కుర్చీలో కూలబడ్డాడు.

గుమ్మంలో ఎవరో చెప్పులు విప్పుతున్నారు.

"లేటయిందండీ, ఏమనుకోకండి. బ్యాటరీల్లో నీళ్ళు పోయాలన్నారంట, ఇన్వర్టర్ ఎక్కడండీ?"

అష్ఫాక్ గుమ్మంవైపు గిరుక్కున తిరిగాడు. మరి పొద్దున వచ్చిందెవరు?

నిన్నటి నుంచి ముట్టని మెయిలు తెరిచాడు. నిన్న సాయంత్రం వచ్చిన జవాబు అక్కడుంది.

"బాబూ, చూపు బాగా తగ్గిపోయి మీ ఉత్తరాలు ఇవాళే పక్కింటమ్మాయి చేత చదివించుకున్నాను, ఆ డీబగ్గర్‌లో తప్పు నాదే అయ్యుంటుంది కాబట్టి రేపు మైలవరం నుంచి బస్సెక్కి నేనే వస్తున్నాను, కాసేపు తెర ముందు కూర్చోనిస్తే చాలు - ఆమోసు."