మళ్లీ దూరిన కార్డు

ఊడదీసిన సౌండ్ కార్డు మళ్లీ కంప్యూటర్ లోపలే ఉంది!

అర్బాజ్ టార్చి వేసి మరోసారి చూశాడు. అదే కార్డు. పోయినసారి తనే తీసి రుబీనా టేబుల్ సొరుగులో పెట్టి వెళ్లాడు.

"దయ్యం గిట్ల ఉందా మేడం, మీ దుకాణంల?"

"దయ్యానికి స్క్రూడ్రైవర్ ఎందుకు?" అంది రుబీనా, అతని చేతిలోని స్క్రూడ్రైవర్ వంక చూస్తూ.

గద్వాల బస్టాండు వెనక ఆమె నడుపుతున్న నెట్ సెంటర్ అది. దుబాయ్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడుకునేవాళ్లే గిరాకీ. కొన్నాళ్లుగా హెడ్‌ఫోన్‌లో ఒకటే చిటపట. "మా ఆయన మాట్లాడుతుంటే పేలాలు వేగినట్టుంది" అని ఏసమ్మ పొద్దునే లేచిపోయింది. ఈసారి బాగుపడకపోతే షట్టర్ దించెయ్యమని ఆమె తండ్రి గులాం రసూల్ తేల్చేశాడు. రిపేరుకు వనపర్తి పిల్లగాడు అర్బాజ్‌నే పిలువమని ప్రతిసారీ పట్టుబట్టేదీ ఆయనే.

"బోర్డుల ఒక సౌండ్ చిప్పు ముందే ఉంది," అన్నాడు అర్బాజ్. "ఈ పాత కార్డు గుచ్చితే రెండూ కొట్లాడుకుంటయి. గదే చిటపట."

"మీరే గుచ్చి మీరే తీస్తుండ్రేమో!"

అర్బాజ్ ముఖం ఎర్రబడింది. "గట్లనుకుంటే కార్డు మీరే తాళమేసి పెట్టుకోండ్రి. మళ్ల పిలిచినా వస్త."

మూలన పాత రేడియో విప్పుకుని కూర్చున్న గులాం రసూల్ తలెత్తాడు. రేడియోలు బాగుచేసి పిల్లల్ని సాకిన మనిషి.

"గంత మాటంటే కోపం రాలేదా, బేటా?"

"దుకాణం పోతదని ఆమె పరేషాన్, చాచా. కోపమెందుకు?"

"ఇంట్ల అమ్మకు బాగుందా? చాయ్ తాగు."

చాయ్ చల్లారేలోపు కార్డు బయటికొచ్చింది. కబురందుకుని ఏసమ్మ పరుగున వచ్చింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, మొగుడి గొంతు వినగానే, "ఇగ జెప్పు, డిసెంబర్ల వస్తవా రావా?" అని కేకేసింది. అందరూ నవ్వారు.

రుబీనా కార్డును గుప్పిట్లో పట్టుకుని తల దించుకుంది.

"మాఫ్ చెయ్యండ్రి. గని దీన్ని మళ్ల మళ్ల పెట్టిందెవరు?"

గులాం రసూల్ తన స్క్రూడ్రైవర్‌ను జేబులో వేసుకుని లేచాడు.

"కాబోయే అల్లుని ఓపిక చూద్దామని నేనే పెట్టిన."