తలుపుకి గులాబీ రిబ్బను

"బిడ్డ ఏది?"

తలుపు తీసీ తీయగానే పైఅంతస్తు నున్జియా అడిగిన మాట అది. ఆమె చేతిలో పొగలు కక్కుతున్న కోడిరసం గిన్నె. వెనక మొగుడు పాస్కాలే, చక్కెర పూసిన బాదంపప్పుల పొట్లంతో. ఇద్దరికీ వెనక, మెట్ల కమ్మీ పట్టుకుని ఆయాసం తీర్చుకుంటూ కింది వాటా ముసలావిడ దొన్నా అస్సుంతా.

ఇల్జే బిత్తరపోయింది. తన ఊరు రీగా నుంచి వచ్చి నేపుల్స్‌లోని ఈ ఇంట్లో దిగి ఐదు నెలలు. ఇన్నాళ్ళలో ఆ గడప దాటి లోపలికొచ్చింది సాయంత్రపు ఎండ ఒక్కటే. లోపలి గదిలో మంచం మీద సగం సర్దిన పెట్టె ఉంది. ఇవాళ కూడా ఎవరూ రాకపోతే మిగతా సగం సర్దేసి, పొద్దున్నే రైలెక్కి వెళ్ళిపోదామనుకుంది.

"ఏ బిడ్డ..." అనబోయింది.

పాస్కాలే తలుపుకి వేలాడుతున్న గులాబీరంగు రిబ్బను పువ్వు వైపు గడ్డం ఎగరేశాడు. "ఆడపిల్లన్నమాట. అదృష్టవంతురాలివి. మా గుమ్మానికి మూడుసార్లూ నీలమే కట్టాం."

అప్పుడు అర్థమైంది ఆమెకి: ఈ ఊళ్ళో బిడ్డ పుడితేనే తలుపుకి రిబ్బను కడతారు, ఆడపిల్లకి గులాబీ, మగపిల్లాడికి నీలం. పొద్దున వీధి చివర కొట్టులో అది కొంటుంటే కొట్టావిడ ఊరికే తన బుగ్గ నిమిరింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

నిజం చెప్పడానికి ఎంతసేపు? కానీ అప్పటికే కోడిరసం వాసన గదంతా కమ్ముకుంది. చెబితే ఆ గిన్నె వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. మనుషులూ అంతే.

"నిద్రపోతోంది," అంది ఇల్జే.

ఒక్కసారిగా ముగ్గురి గొంతులూ తగ్గిపోయాయి. పాస్కాలే చెప్పులు విప్పి, పిల్లిలా నడిచొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కిటికీ అవతల ఎదురింటివాళ్ళు ఆరేసిన దుప్పట్లు గాలికి ఊగుతుంటే, వాటి నీడలు లోపలి గది తలుపు మీద మెల్లగా అటూ ఇటూ కదులుతున్నాయి. ఆ తలుపు వెనక నిజంగానే ఎవరో ఊపిరి తీస్తున్నట్టనిపించింది ఇల్జేకి. తనూ మునివేళ్ళ మీద నడుస్తూ కాఫీ పెట్టి తెచ్చింది.

"కడుపుతో ఉన్నట్టే కనబడలేదే," నున్జియా గుసగుసగా అంది.

"చలికోటులో తిరిగే పిల్ల, నీకేం కనబడుతుంది?" అన్నాడు పాస్కాలే. కాఫీ ఒక గుక్క తాగి, కప్పులోకి తొంగి చూశాడు. "అమ్మాయ్, మీ ఊళ్ళో దీన్ని కాఫీయే అంటారా?"

"నోర్ముయ్," అంది నున్జియా. "బాలింత పెట్టిన కాఫీ, పేర్లు పెట్టకుండా తాగు. పిల్లది తండ్రి పోలికా, నీ పోలికా తల్లీ?"

"ఇంకా తెలీదు," అంది ఇల్జే. అందులో అబద్ధం ఉన్నట్టే అనిపించలేదు.

దొన్నా అస్సుంతా మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. రిబ్బను అంచు వేళ్ళతో రాస్తూ, "మంచి సాటిను. నా తలుపు మేకుకి ఇలాంటిది ఎన్నడూ ఎక్కలేదు," అంది. తర్వాత లోపలికొచ్చి, "దిష్టి తగలకుండా ఒక్కసారి దీవించి వస్తా," అంటూ తిన్నగా గదివైపు నడిచింది.

 ఇల్జే వెంట పరుగెత్తి, వెనక తలుపు మూసింది.

ముసలావిడ మంచం పక్కన నిలబడి తెరిచిన పెట్టెలోకి చూస్తోంది. మడత పెట్టిన స్వెట్టర్లను ఉయ్యాల్లోని పిల్లని చూసినట్టు చాలాసేపు చూసింది.

"ప్రయాణం ఎప్పుడు?"

"రేపు పొద్దున."

"మరి రిబ్బను ఎందుకు కట్టావు?"

"ఇవాళ నా పేరు పండగండీ. మాకు క్యాలెండరులో ఒక్కో పేరుకి ఒక్కో రోజుంటుంది. మా ఊళ్ళో దానికి ఎవర్నీ పిలవరు. గుర్తున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. ఎవరైనా తలుపు దగ్గర ఆగుతారేమోనని..."

"ఇంతకీ నీ పేరేమిటి?"

"ఇల్జే."

"మాకు పేరు పండగంటే పునీతుల రోజే. ఆ పేరుతో పునీతురాలు ఎవరూ లేరే," అంది ముసలావిడ. "ఐదు నెలలుగా నిన్ను రెండో అంతస్తు పిల్ల అనే అంటున్నాం," అంది.

బయటికొచ్చి పెదాల మీద వేలు పెట్టింది. "పాలు తాగి పడుకుంది. లేపారంటే ఊరుకోను. లేవండి, పదండి."

"ఎలా ఉంది?" నున్జియా మెడ సాచింది.

"కళ్ళు నీళ్ళరంగు. పద."

వెళ్తూ వెళ్తూ ముసలావిడ మేకు నుంచి రిబ్బను తీసుకుంది. "ముడి సరిగా పడలేదు," అని మాత్రం అంది.

మెట్ల మీద వాళ్ళ అడుగులు వినబడినంతసేపూ ఇల్జే కదలకుండా నిలబడింది. వచ్చారు. కానీ వచ్చింది తన కోసం కాదు. లేని బిడ్డ కోసం. కోడిరసం చల్లారనిచ్చి, పెట్టెలో మిగతా సగం సర్దేసింది. ఆ రాత్రి నిద్రలో రెండుమూడుసార్లు పసిపిల్ల ఏడుపు వినబడి లేచింది. లేచాక ఏమీ లేదు.

పొద్దున పెట్టె మోసుకుంటూ మెట్లు దిగుతుంటే కింది నుంచి నున్జియా గొంతు.

"ఎనభై దాటాక ఇదేం చోద్యం దొన్నా అస్సుంతా? పైగుమ్మానికి ఉండాల్సింది నీ గుమ్మానికి ఎందుకుంది?"

ఇల్జే చివరి మెట్టు మీద ఆగిపోయింది. ముసలావిడ తలుపుకి గులాబీ రిబ్బను. ముడి బిగువుగా, పొందిగ్గా ఉంది. దాని మీద తెల్లదారంతో, వణికే చేత్తో కుట్టిన పేరు: ఇల్జే.

దొన్నా అస్సుంతా గడప దాటి వచ్చి, ఏమీ ఎరగనట్టు ఇల్జే చేతిలోంచి పెట్టె అందుకుంది.

"ఆడపిల్లే నున్జియా. నిన్న సాయంత్రం పుట్టింది. నడకా మాటలూ వచ్చేశాయి, కాఫీ పెట్టడం ఒక్కటే నేర్పాలి."